సలుంగాలో లేనిది మనకెందుకు

రేవుపాలెం పారిశ్రామికవాడలోని చొక్కాల ఫ్యాక్టరీకి సన్యాసిరావు సంక్షేమాధికారి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సంక్షేమమంటే నేను చెయ్యవలసిందేమిటండీ అని మేనేజరు గారిని అడిగితే, "తనిఖీకి పెద్దలు వచ్చిన రోజున కర్టెన్లు కట్టించడం, వాళ్ళు వెళ్ళాక విప్పించి మడత పెట్టించడం" అని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. అలా కట్టిస్తూ విప్పిస్తూనే సన్యాసిరావుకి జుట్టు నెరిసింది. మనిషి మంచివాడు. నోట్లో నాలుక లేనివాడు. ఎవరేం చెప్పినా అక్కడికక్కడ తలూపేసి, ఎందుకు ఊపానా అని ఇంటికెళ్ళి బాధపడుతూ ఉండేవాడు.

అతని హయాంలో తనిఖీ అయిపోయాక కూడా విప్పకుండా మిగిలిపోయిన సంక్షేమం ఒకే ఒక్కటి ఉంది. అది పిల్లల గది. ఒకసారి ఎవరో పెద్ద అధికారి వస్తున్నారంటే షెడ్డు పక్కన ఓ గదికి సున్నం వేయించి, నాలుగు ఉయ్యాలలు వేలాడదీసి, ఒక ఆయాని కూర్చోబెట్టారు. ఆ అధికారి ఇవాళ వస్తారు, రేపు వస్తారు అంటూ వాయిదాలు పడి చివరికి రిటైరైపోయారు. ఈలోగా కుట్టుమిషన్ల మీద పనిచేసే ఆడవాళ్ళు తమ పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టడం అలవాటు చేసుకున్నారు. తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు గనక సన్యాసిరావు తీసెయ్యలేదు. రోజూ పొద్దున్న ఆ గది ముందు నుంచి వెళుతూ లోపలికి తొంగిచూసి, తన జీతం ఊరికే పోవడం లేదని తృప్తి పడేవాడు.

అక్కడ కుట్టే చొక్కాలు తొడుక్కునేవాళ్ళు వేరే ఖండంలో ఉంటారు. వాళ్ళ కోసం కొనే పెద్ద కంపెనీ సగం చొక్కాలు మన దగ్గర, సగం సలుంగా దేశంలో కుట్టిస్తుంది. సలుంగా ఎక్కడుందో రేవుపాలెంలో ఎవరికీ కచ్చితంగా తెలియదు. సముద్రానికి అవతల ఎక్కడో ఉందనీ, మనలాగే వానాకాలంలో వంతెనలు కొట్టుకుపోతాయనీ, మనలాగే ఎప్పటినుంచో అభివృద్ధి చెందుతూనే ఉందనీ మాత్రం విన్నారు.

అంతా సవ్యంగా సాగుతుండగా, చొక్కాలు తొడుక్కునే దేశంలో కాలేజీ పిల్లలకి ఒక ధర్మసందేహం వచ్చింది. ఒకే చొక్కా కుడుతున్నప్పుడు ఒక దేశంలో ఒక రకంగా, ఇంకో దేశంలో ఇంకో రకంగా ఎలా చూస్తారు అని వాళ్ళు అట్టలు పట్టుకుని కంపెనీ ముందు కూర్చున్నారు. కంపెనీ బెదిరిపోయి, రెండు దేశాల కార్మికుల మధ్య జీతాల్లో గాని సౌకర్యాల్లో గాని తేడా ఉండకూడదని షరతు పెట్టింది. అన్నవాళ్ళు మంచి మనసుతోనే అన్నారు. ఎటువైపు నుంచి ఎటువైపు సమానం చెయ్యాలో చెప్పడం మాత్రం మరిచిపోయారు.

చెప్పని సంగతులు చూసుకోవడానికే కదా ప్రభుత్వం ఉన్నది. వెంటనే 'తులనాత్మక శ్రామిక ప్రమాణాల సమీకరణ ప్రాధికార సంస్థ' వెలిసింది. బోర్డు మీద పేరు పట్టక రెండో బోర్డు చేయించారు. దానికి డైరెక్టరుగా డాక్టర్ త్రిపురాంతకం గారు వచ్చారు. ఆయన పోలికల మీదే డాక్టరేటు పుచ్చుకున్నారని, ఇంట్లో కూడా ఇడ్లీని పక్కింటి ఇడ్లీతో పోల్చి గాని తినరని చెప్పుకునేవారు.

డైరెక్టరు గారు మొదటిసారి ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు సన్యాసిరావు కర్టెన్లు కట్టించాడు. ఆయన వాటిని చూసి నొసలు చిట్లించారు.

"ఇవి సలుంగాలో కలవా?"

"తెలీదండి."

"లేవు. మా వద్ద సమాచారం కలదు. ఎత్తుపల్లములను సమము చేయుటకు రెండు మార్గములు కలవు, సన్యాసిరావు గారూ. పల్లమును పూడ్చుట, ఎత్తును తవ్వుట. పూడ్చుటకు మట్టి వలయును. మట్టికి బడ్జెట్ వలయును. తవ్వుటకు పలుగు చాలును."

సన్యాసిరావు తలూపాడు. కర్టెన్లు ఎలాగూ విప్పేవే కదా అని సరిపెట్టుకున్నాడు.

తరవాత ఆయన తల పైకెత్తి పంకాలు చూశారు. సలుంగాలో పంకాలు లేవు, సముద్రపు గాలి సరిపోతుందట అన్నారు. మన షెడ్డుకి సముద్రం వైపు గోడ ఉందండి అని సన్యాసిరావు నసిగాడు. "గోడ తులనాత్మక పరిధిలోనికి రాదు" అని డైరెక్టరు గారు సెలవిచ్చారు. ఆ సాయంత్రానికి నిచ్చెన వేసి పంకాలు దించేశారు. దూలాలకి ఉత్త కొక్కేలు మిగిలాయి.

మర్నాడు స్టూళ్ళకి వెనక ఉన్న ఆనుడుపట్టీలు కోసేశారు. సలుంగాలో ఆనుకోరట. ఆ తరవాత టీలో పంచదార పోయింది. సలుంగా వాళ్ళు ఆకుల కషాయం చప్పగా తాగుతారట. డైరెక్టరు గారు దేన్ని తీసేసినా తీసేశామని అనేవారు కాదు, సమీకరించామని అనేవారు. ఆ మాట ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకి నచ్చింది. చెప్పులు కనబడకపోతే "నా సెప్పులెవరో సమీకరించీసేరే" అని వెతుక్కునేవారు. చీర కొంగున బెల్లంముక్క కట్టి తెచ్చుకుని, చప్పటి టీతో కొరుక్కు తాగేవారు. అది సన్యాసిరావు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఇంతవరకూ ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. మూడోసారి వచ్చినప్పుడు డైరెక్టరు గారు పిల్లల గది ముందు ఆగారు.

లోపల నూకరత్నం కూతురు హాసిని ఉయ్యాల్లో కూర్చుని ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆ పిల్లకి ఏ ముహూర్తాన హాసిని అని పేరు పెట్టారో గాని, రెండేళ్ళు నిండినా అది నవ్వగా చూసినవాళ్ళు లేరు. పోలీసు ఇన్‌స్పెక్టరులా అందరినీ అనుమానంగా చూస్తుంది. డైరెక్టరు గారు కూడా దాన్ని అలాగే చూశారు.

"ఈ శిశు విశ్రాంతి మందిరము సలుంగాలో లేదు" అన్నారు.

సన్యాసిరావు జన్మలో మొదటిసారి తలూపకుండా, నసగకుండా నోరు విప్పాడు.

"గది తీసేస్తే పిల్లలు ఏడుస్తారండి."

"సలుంగాలో పిల్లలు ఏడవరా?"

"ఏడుస్తారేమోనండి."

"అట్లయిన ఉభయత్రా సమానమే కదా."

సన్యాసిరావు మళ్ళీ తలూపేశాడు. ఎందుకు ఊపానా అని ఇంటికెళ్ళి అన్నం తింటూ బాధపడ్డాడు. మర్నాడు గదికి తాళం పడింది. ఆయాని ప్యాకింగ్ సెక్షన్‌లో గుండీలు ఏరడానికి పంపేశారు.

నూకరత్నం కాలర్లు కుట్టే మనిషి. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. మొగుడు చేపల బోటెక్కి వెళితే ఎప్పుడు దిగుతాడో అతనికే తెలియదు. అత్తగారు రొయ్యల కంపెనీలో తోకలు వలుస్తుంది. పిల్లని చూడ్డానికి ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ లేరు. ఆవిడ నేరుగా సన్యాసిరావు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"బావూ, గది మూసేత్తే నాను పని మానీయాల. నాను పని మానేత్తే మాయింట్లో పొయ్యి మూసీయాల. మీరే సెప్పండి, ఏది మూసీమంటారో."

"పైవాళ్ళ ఉత్తర్వు నూకరత్నం. సలుంగాలో లేదట."

"సలుంగా ఎవులు బావూ? ఆవిడికి పిల్లల్నేరా?"

దేశమని చెప్పబోయి, చెప్పి ప్రయోజనం ఏముందని సన్యాసిరావు ఊరుకున్నాడు. మర్నాటినుంచి నూకరత్నం మిషను కింద ఒక పెద్ద అట్టపెట్టె వెలిసింది. కత్తిరించిన కాలర్ల మధ్య హాసిని కూర్చుని, అటూ ఇటూ పోయేవాళ్ళ కాళ్ళని అనుమానంగా చూసేది. మిగతా తల్లులు కూడా తలొక పెట్టె సంపాదించారు. సన్యాసిరావు పైకప్పు చూస్తూ నడవడం నేర్చుకున్నాడు.

ఇలా ఎన్నాళ్ళో సాగేదే. కానీ సలుంగా నుంచి ధ్రువీకరణ బృందం వస్తోందని కబురు వచ్చింది. రెండు దేశాలూ నిజంగా సమానమయ్యాయో లేదో ఒకరి ఫ్యాక్టరీ ఒకరు కళ్ళారా చూసుకుని సంతకాలు పెట్టాలట. వాళ్ళ డైరెక్టరుతో పాటు అక్కడ కాలర్లు కుట్టే ఒక ఆడమనిషి కూడా వస్తుందట. మేనేజరు గారు సన్యాసిరావుని పిలిచి తలుపు వేశారు.

"ఆ రోజు లైన్లో ఒక్క పిల్లకాయ కనబడ్డా కొంప మునుగుతుంది. కాలర్ల పెట్టెలో పిల్ల కూర్చుంటే, పిల్లచేత కాలర్లు కుట్టిస్తున్నామని రాసేస్తారు. ఎవరి పిల్ల కనబడితే ఆ తల్లి మర్నాటినుంచి రానక్కర్లేదు. మొట్టమొదట ఆ నూకరత్నం సంగతి చూడు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యాహ్నం అన్నాల వేళ సన్యాసిరావు ఆడవాళ్ళందరినీ పోగుచేశాడు. రేపు వచ్చే బృందం గురించి చెప్పాడు. ఈసారి కర్టెన్లు కట్టక్కర్లేదన్నాడు. ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్నాడు. పిల్లల్ని ఆ ఒక్క పూటా ఎక్కడైనా వదిలి రావాలని, లేకపోతే ఉద్యోగానికే ముప్పని నేల చూస్తూ చెప్పాడు. వీలైతే అందరూ కొంచెం అలిసిపోయినట్టు కనబడాలని డైరెక్టరు గారి కోరిక అని కూడా చెప్పాడు.

"అలిసినట్టు కనబడ్డానికి వేరేగా నేర్సుకోవాలా బావూ" అంది నూకరత్నం. ఎవరూ నవ్వలేదు. వాళ్ళ బుర్రల్లో ఇంకేదో తిరుగుతోంది.

"ఆ వచ్చినావిడ మనలాగ కాలర్లు కుట్టేదేనా?" అని వెనకనుంచి ఒక ముసలావిడ అడిగింది.

"అవును."

"ఆడమనిషి సముద్రం దాటి మనింటికొస్తంటే, కూకోడానికి పీటన్నా నేనోళ్ళవని సూపించుకుంటావేటి? సిగ్గు నేదేటి మనకి?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంక ఆ విషయం అక్కడ మాట్లాడుకోలేదు. సన్యాసిరావు తన మాట విన్నారనే అనుకున్నాడు. అతనికి అనుభవం ఉండి కూడా అలా అనుకోవడం పొరపాటే.

ఇక్కడ ఆ చుట్టుపక్కల ఊళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని మనం ఎగతాళిగా అంటాం. వాళ్ళకది ఎగతాళి కాదు, మర్యాద. ఎవరింటికైనా కొత్తవాళ్ళు వస్తున్నారంటే వీధివీధంతా ఆ ఇంట్లోకి నడిచి వస్తుంది. ఒకరింటి మంచం, ఇంకొకరి టేబులు ఫ్యాను, మరొకరి స్టీలు గ్లాసులు, ఆఖరికి గోడకి తగిలించిన గడియారం కూడా. వచ్చినవాళ్ళు వెళ్ళగానే ఎవరి సొమ్ము వాళ్ళింటికి చేరుతుంది. ఇందులో అబద్ధం ఉందని ఎవరూ అనుకోరు. వచ్చినవాళ్ళు కూడా తమ ఊళ్ళో అదే చేస్తారు గనక వాళ్ళూ ఏమీ అనుకోరు. సన్యాసిరావు తన పెళ్ళిచూపుల్లో దర్జాగా కూర్చున్న సోఫా, మావగారి ఎదురింటి హెడ్మాస్టరు గారిదని పెళ్ళయిన చాలాకాలానికి గాని కనిపెట్టలేదు.

మర్నాడు పొద్దున్న అతను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆటోలు బారులు తీరి ఉన్నాయి. ఆటోల్లోంచి టేబులు ఫ్యాన్లు దిగుతున్నాయి. పూలకవర్ల కుర్చీలు దిగుతున్నాయి. సర్పంచి గారింటి వాటర్ ఫిల్టరుని ఇద్దరు మోసుకొస్తున్నారు. పట్టుపరుపు ఒకటి ఎవరి తలమీదో నడిచి వస్తోంది. ఒక ఫ్యాను మీద 'కొయ్య వారి పెండ్లి కానుక' అని ఎర్రరంగుతో రాసి ఉంది. షెడ్డులోకి వెళితే పంకాలు దించేసిన కొక్కేలకి కొత్త చీరలు కట్టి ఉయ్యాలలు వేసేశారు. ప్రతి ఉయ్యాల్లోనూ ఒక పిల్ల, కళ్ళకి కాటుక, బుగ్గన చుక్క. హాసినికి ఎవరిదో వెండి మొలతాడు పెట్టారు. నూకరత్నం పెళ్ళిచీర కట్టుకుని మిషను ముందు కూర్చుంది.

"ఇదేమిటమ్మా, నీ ఉద్యోగం పోతుంది" అన్నాడు సన్యాసిరావు. నిజంగానే అతనికి ఏడుపొచ్చింది.

"పోతే పోద్ది బావూ. పెట్లో దాసుకుని పెంచుతన్నామంటే ఆవిడేటనుకుంటాది మనల్ని."

ఏం చెయ్యడానికీ వేళ లేదు. బయట కార్లు ఆగాయి.

డాక్టర్ త్రిపురాంతకం గారు ముందు నడిచారు. ఆయన చేతిలో 'మా కార్మికులకు ఏమియు లేవు' అనే ప్రసంగం సిద్ధంగా ఉంది. గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి అలాగే నిలబడిపోయారు. ఆయన వెనక సలుంగా డైరెక్టరు టొంబారి గారు, పక్కనే దుబాసీ, ఆ వెనక లియోమా అనే సలుంగా ఆడమనిషి ఉన్నారు. లియోమా నూకరత్నం ఈడుదే. అరచేతుల్లో అవే కాయలు.

టొంబారి గారు షెడ్డంతా ఒకసారి కలియజూసి ఏదో అడిగారు. ఇది మీకు ఎప్పుడూ ఉండేదేనా, లేక మేము వస్తున్నామని చేసిందా అని అడుగుతున్నారని దుబాసీ తెలుగులో చెప్పాడు.

మన డైరెక్టరు గారు నిజం చెప్పేస్తే ఆ పూటతో కథ అయిపోయేది. నూకరత్నం ఉద్యోగం కూడా అయిపోయేది. చెబుదామనే ఆయన నోరు తెరిచారు. కానీ ఎదురుగా పరదేశపు అతిథి, ఆ మొహంలో ఆశ్చర్యం, రవంత అసూయ. త్రిపురాంతకం గారు ఎంత డాక్టరైనా ఈ గడ్డ మీద పుట్టిన మనిషే. ఆయన అమ్మగారు కూడా చుట్టాలొస్తే పక్కింటినుంచి వెండి కంచాలు తెప్పించిన ఇల్లాలే. ఇంటికొచ్చినవాడు అడిగితే లేదని చెప్పే నాలుక ఆయనకి పుట్టుకతోనే లేదు.

"ఇదియా?" అని చిరునవ్వు నవ్వారు. "ఇది మాకు సర్వసాధారణం. ఇంతకంటెను గొప్పవి కలవు. సమయాభావమువలన చూపుటలేదు."

సన్యాసిరావు తన చెవులు తానే నమ్మలేకపోయాడు. డైరెక్టరు గారు కూడా తన చెవులు నమ్మినట్టు లేరు. కానీ ఒకసారి గేటు తెరిచాక నీరు ఆగుతుందా. ఈ ఫ్యాన్లు వేసవికి మాత్రమేనని, శీతకాలానికి వేరే సెట్టు ఉందని కూడా చెప్పేశారు. చూచినవన్నీ నిత్యకృత్యములే అని ఉమ్మడి ప్రకటన మీద అక్కడే నిలబడి సంతకం చేశారు.

ఈలోగా లియోమా వరసల మధ్య నడుస్తూ నూకరత్నం మిషను దగ్గర ఆగింది. అక్కడ పెండ్లి కానుక ఫ్యాను ఉంది. షెడ్డు మొత్తానికి ప్లగ్గు పాయింట్లు నాలుగో అయిదో ఉన్నాయి గనక దానికి కరెంటు అందలేదు. దాని తీగ కుర్చీ కాలు పక్కన చుట్టలు చుట్టుకుని పడుకుని ఉంది. లియోమా ఆ తీగని చూసింది. నూకరత్నం మొహం చూసింది. అప్పుడే టొంబారి గారు అటుగా వస్తుంటే, లియోమా తొందరలేకుండా రెండడుగులు జరిగి ఆ తీగకి అడ్డంగా నిలబడింది. ఆయన దాటిపోయేదాకా కదల్లేదు. సన్యాసిరావు ఇదంతా చూశాడు. చూసి, గబుక్కున పైకప్పు వైపు తల తిప్పుకున్నాడు.

నూకరత్నం హాసినిని తీసి లియోమా చేతుల్లో పెట్టింది. హాసిని ఆవిణ్ణి కూడా అనుమానంగానే చూసింది. లియోమా కళ్ళు తుడుచుకుంటూ ఏదో చెప్పింది.

"ఆవిడకీ ఒక కొడుకట" అన్నాడు దుబాసీ. "వాళ్ళ ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండేదట. ఈమధ్య తాళం వేసేశారట. రేవుపాలెంలో లేనిది మనకెందుకు అన్నారట."

"మరి మాకు సలుంగాలో లేదన్నారే" అన్నాడు సన్యాసిరావు. ఎవరి గదికి ముందు తాళం పడిందో తేల్చుదామని దుబాసీ కాసేపు ప్రయత్నించాడు గాని, వాళ్ళ పండగలూ మన పండగలూ కలవక లెక్క తెగలేదు.

అతిథులు వెళ్ళాక డైరెక్టరు గారు సన్యాసిరావుని ఆఫీసుకి పిలిపించుకున్నారు. ఏసీ గదిలో కూడా ఆయనకి చెమటలు పడుతున్నాయి.

"ఆ వస్తుసముదాయమును తక్షణమే సమీకరింపుడు."

"ఫ్యాన్లూ కుర్చీలూ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారండి. చీర ఉయ్యాలలే ఉన్నాయి. తీసెయ్యమని ఒక ఉత్తర్వు ఇప్పించండి."

డైరెక్టరు గారు కలం తీశారు. సంస్థ నిబంధనల పుస్తకం ఆయన రాసిందే గనక ముందుగా దాన్ని తిరగేశారు. తిరగేస్తున్నకొద్దీ ఆయన మొహం పాలిపోయింది. మంజూరైన సౌకర్యాన్నే ఉపసంహరించవలెను అని అందులో ఆయనే రాశారు. ఉయ్యాలలు ఎవరూ మంజూరు చెయ్యలేదు.

"అయితే ముందు మంజూరు చేసి, ఆ తరవాత తీసేద్దామాండి?" అన్నాడు సన్యాసిరావు వినయంగా.

"మంజూరుకు బడ్జెట్ వలయును."

"పోనీ, అవి అసలు లేవని రాసేద్దామాండి?"

"ఉన్నవని నేను సంతకము చేసి యుంటిని కదా."

 బయటినుంచి ఎవరో టీ తెచ్చి పెట్టారు. పంచదార వేసిన టీ. అది తాగాక డైరెక్టరు గారికి మార్గం స్ఫురించింది. సదరు ఉయ్యాలలు ఉన్నవియు కావు, లేనివియు కావు, కావున యథాతథస్థితి కొనసాగవలెను అని రాసిచ్చారు. ఉపనిషత్తులు చదివినవాళ్ళకి తప్ప అర్థంకాని ఆ ఉత్తర్వుని సన్యాసిరావు మేనేజరు గారికి చూపించాడు. ఆయనకి అర్థం కాలేదు గనక నూకరత్నం జోలికి పోలేదు. ఉన్నదీ కాని, లేనిదీ కాని ఉయ్యాల్లో హాసిని మధ్యాహ్నం పూట హాయిగా నిద్రపోయేది.

సలుంగాలో మాత్రం వ్యవహారం ఇంత వేదాంతంగా నడవలేదు. లియోమా ఊరికి వెళ్ళి తను చూసింది చూసినట్టు చెప్పింది. తీగ సంగతి ఒక్కటి తప్ప. విన్న ఆడవాళ్ళు మిషన్లు ఆపేసి కింద కూర్చున్నారు. రేవుపాలెంలో ఉన్నది మాకెందుకు లేదన్నారు. టొంబారి గారు తవ్వుదామని చూశారు గాని, తవ్వవలసిన ఎత్తు సముద్రానికి ఇవతల ఉంది, ఆయన పలుగు అంతదూరం అందదు. పైగా త్రిపురాంతకం గారి సంతకం ఆయన చేతిలోనే ఉంది. చొక్కాలు ఆగిపోతాయనే భయంతో ఆయన పిల్లల గది తాళం తీయించారు. రంగులు వేయించారు. ఆయాలని పెట్టారు. ఫ్యాన్లు పెట్టి, వాటికి ప్లగ్గు పాయింట్లు కూడా పెట్టారు.

ఆ తరవాత మన డైరెక్టరు గారు ధ్రువీకరణ కోసం సలుంగా వెళ్ళారు. సముద్రతీరాలను కూడా పోల్చి చూడవలసి రావడం వల్ల నాలుగు రోజులు ఆలస్యంగా తిరిగి వచ్చారు. వస్తూనే మేనేజరుకి ఫోను చేశారు.

"ఘోరమైన వ్యత్యాసము కలదు. అచట పిల్లల గది ఉన్నది. నిజముగానే ఉన్నది. నేను తలుపు తీసి చూచితిని."

వ్యత్యాసం ఉంటే ఆర్డర్లు రావని పైనుంచి కూడా ఫోన్లు వచ్చాయి. అంతవరకూ దొరకని బడ్జెట్ ఎక్కడో బీరువా వెనక దొరికింది. గుండీలు ఏరుతున్న ఆయాని వెనక్కి పిలిచారు. పంకాలు కొక్కేలకెక్కాయి. పంచదార వచ్చింది. గది తాళం తుప్పు పట్టి తెరుచుకోకపోతే సన్యాసిరావు తానే సుత్తి తెప్పించి పగలగొట్టాడు. అంత గట్టిగా దేన్నయినా కొట్టడం అతనికి అదే మొదలు. చెయ్యి నొప్పి పుట్టింది గాని ప్రాణం కుదుటపడింది.

గదికి 'సలుంగా నమూనా శిశు విశ్రాంతి కేంద్రం' అని బోర్డు కట్టి ప్రారంభోత్సవం చేశారు. డైరెక్టరు గారు రిబ్బను కత్తిరించి ఉపన్యసించారు.

"సోదరీమణులారా, సలుంగాను చూచి మనము సిగ్గుపడవలెను. అది మనవంటి దేశమే. అయినను తన శ్రామికులకు ఎన్నియో సమకూర్చినది. ఇట్టి ఆలోచన మనకు ఏల కలుగలేదు?"

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. హాసిని పాత ఉయ్యాల్లోకి ఎక్కి కూర్చుని, మైకుని అనుమానంగా చూసింది.

"సౌకర్యముల సమీకరణము దిగ్విజయముగా ముగిసినది" అని డైరెక్టరు గారు కొనసాగించారు. "తదుపరి అంశము జీతభత్యముల తులనము. అందు నిమిత్తము సలుంగా బృందము మరల విచ్చేయుచున్నది. మీకు ముట్టు వేతనమును స్వయముగా చూచి, అచటి వేతనముతో సరిచేయుదురు."

చప్పట్లు ఈసారి ఆలస్యంగా మోగాయి. సభ ముగిసి అందరూ లడ్డూలు తింటుంటే నూకరత్నం నలుగురిని వెంటేసుకుని సన్యాసిరావు దగ్గరికి వచ్చింది.

"బావూ, ఈసారి ఆళ్ళు జీతాలు సూడ్డానికొస్తన్నారట గదా."

"అవునమ్మా."

"మా జీతం సూసేరంటే లియోమాకీ అదే ఇత్తారు గావాల."

"అదే సమానమంటే."

నూకరత్నం లడ్డూని కొంగున కట్టుకుని మళ్ళీ మొదలెట్టింది.

"ఫేనంటే పక్కింటోళ్ళిచ్చేరు. పిల్టరంటే సర్పంచోళ్ళిచ్చేరు. జీతం అరువడగడానికి మా పేటలో ఎవులికీ నేదు. మీకు నెలనెలా జీతం కాయితవొత్తాది గదా బావూ, ఆ ఒక్క పూటకీ ఇప్పించండి. మాదేనని సూపించి, ఆళ్ళు కారెక్కగానే నలక్కుండా తెచ్చి మీకిచ్చేత్తాం."

సన్యాసిరావు వాళ్ళ మొహాలు చూశాడు. ఎవరూ వేళాకోళమాడటం లేదు. కార్లో వెనకసీట్లో కూర్చుని లడ్డూని దేనితోనో పోలుస్తున్న డైరెక్టరు గారిని కూడా చూశాడు.

"నాది చూపిస్తే మీకూ లాభం లేదు, ఆ లియోమాకీ లాభం లేదమ్మా" అన్నాడు. "ఉండండి, డైరెక్టరు గారిది అడిగి తెస్తాను."